ఆగింది నెట్టా... ఆడింది నువ్వేనా?

రాత్రి తొమ్మిదిన్నర. తెనాలిలో ఓ డాబా ఇంటి పైగదిలో పదిహేనేళ్ల కుర్రాడు సెల్‌ఫోను ముందు బాసింపట్టు వేసుక్కూర్చున్నాడు. రేపల్లెలో వాడి మేనమామ భోజనం ముగించి, పడక్కుర్చీలో వాలి, కళ్లజోడు సవరించుకుంటూ తన ఫోను చూస్తున్నాడు. రెండు ఊళ్ల మధ్య రైలుదారి సుమారు 34 కిలోమీటర్లు. ఇద్దరి మధ్యా ఉన్నది మాత్రం ఒకటే చదరంగం బల్ల. చెరో 10 నిమిషాల ఆట.

మావయ్యది పైచేయి. ఒక ఏనుగు ఎక్కువుంది. ఇంకో పది ఎత్తుల్లో పని అయిపోతుందనుకుంటుండగా తెరమీద ఓ సందేశం... అవతలి ఆటగాడు ఆటలో లేడని. కుర్రాడి గడియారం మాత్రం తిరుగుతూనే ఉంది. అర నిమిషం, నిమిషం, నిమిషంన్నర. అప్పుడు తిరిగొచ్చాడు. వస్తూనే గుర్రాన్ని తీసుకెళ్లి మావయ్య రాజు ముందున్న బంటుకు ఎర వేశాడు! మావయ్యకు చెమట్లు పట్టాయి. గబుక్కున గుర్రాన్ని చంపేశాడు. అంతే! ఆరు ఎత్తుల్లో ఆట కట్టు.

వెంటనే ఫోను మోగింది.

‘‘ఏరా అల్లుడూ, ఆ నిమిషంన్నర ఎక్కడికి పోయావురా?’’

‘‘నెట్ పోయింది మావయ్యా.’’

‘‘నెట్ పోయిందా... కంప్యూటర్ వచ్చిందా?’’

మావయ్య నవ్వుతూనే అన్నాడు. కుర్రాడు మాత్రం నవ్వలేదు. ఆ రాత్రి నుంచి మావయ్య ఆటకు పిలిచినా వాడు ఫోను ముట్టుకోలేదు. వాడికి ఆరేళ్లప్పుడు వేసవి సెలవుల్లో పక్కన కూర్చోబెట్టుకుని ఏనుగు ఎటు నడుస్తుందో, గుర్రం ఎలా దూకుతుందో నేర్పింది ఆ మావయ్యే.

పేర్లు అక్కర్లేదు. ఇది ఫలానా ఇంట్లోనే జరిగిందని కాదు, ఏ ఇంట్లోనైనా జరగొచ్చు. కరోనా రోజుల్లో బల్లలు మూలపడి ఆటంతా ఫోన్లలోకి చేరిన దగ్గర్నుంచీ చదరంగం ఆడేవాళ్లందరికీ ఎప్పుడో ఒకప్పుడు ఈ అనుమానం వస్తూనే ఉంది. అవతలివాడు ఆగిపోయింది నెట్ రాకా? లేక పక్కన ఇంకో ఫోనులో కంప్యూటర్‌ని అడగడానికా? మన కళ్లకు రెండూ ఒకలాగే కనిపిస్తాయి. చిక్కంతా అక్కడే ఉంది.

రెండు రోజుల్లో రెండు వైపులా...

ఈ చిక్కు మామా అల్లుళ్లకే కాదు, దేశాలకూ వచ్చింది. అందులో మన గుంటూరు, కృష్ణా జిల్లాలవాళ్లూ ఉన్నారు.

2020లో కరోనా వల్ల మామూలు చెస్ ఒలింపియాడ్ జరిగే దారి లేకపోయింది. ప్రపంచ చదరంగ సమాఖ్య ఫిడే తొలిసారిగా ఆన్‌లైన్‌లో ఒలింపియాడ్ పెట్టింది. 160కి పైగా దేశాలు ఆడాయి. మన జట్టులో విశ్వనాథన్ ఆనంద్‌తో పాటు గుంటూరు బిడ్డలు పెంటేల హరికృష్ణ, ద్రోణవల్లి హారిక, గుడివాడలో పుట్టిన కోనేరు హంపి ఉన్నారు. విదిత్ గుజరాతీ కెప్టెన్. కుర్రకారులో కేరళ అబ్బాయి నిహాల్ సరీన్, నాగపూర్ అమ్మాయి దివ్యా దేశ్‌ముఖ్ ఉన్నారు. అందరూ తలో ఊళ్లో, తమతమ ఇళ్లలో, కెమెరాల ముందు కూర్చుని ఆడారు.

ఆగస్టు 28న క్వార్టర్ ఫైనల్. ప్రత్యర్థి ఆర్మేనియా. చదరంగాన్ని పిల్లలకు బడిలో పాఠంగా చెప్పే దేశం అది. తొలి పోరులో మనవాళ్లు 3.5-2.5తో గెలిచారు. అయితే అందులో ఓ మెలిక ఉంది. నిహాల్‌తో ఆడుతున్న హైక్ మార్తిరోస్యాన్‌కు ఆట మధ్యలో కనెక్షన్ తెగింది. గడియారం ఆగలేదు. టైము అయిపోయింది, నిహాల్ గెలిచాడు. ‘మా దగ్గర ఇంటర్నెట్ సరిగ్గానే ఉంది, లోపం మాది కాదు’ అని ఆర్మేనియా అప్పీలు చేసుకుంది. ఎవరి ఇంటర్నెట్‌కు వాళ్లే బాధ్యులని నిబంధనల్లో ముందే ఉంది కాబట్టి అప్పీలు చెల్లలేదు. ఆర్మేనియా కోపంతో రెండో పోరు ఆడకుండానే తప్పుకుంది. మనం సెమీస్‌కు చేరాం.

మర్నాడు పోలండ్‌తో సెమీఫైనల్ ఆఖరి అర్మగెడాన్ ఆట దాకా వెళ్లింది. అందులో హంపి గెలిచి జట్టును ఫైనల్‌కు చేర్చింది.

ఆగస్టు 30న రష్యాతో ఫైనల్. మొదటి పోరు 3-3తో సమం. రెండో పోరు నడుస్తుండగా మన నిహాల్ సరీన్‌కు, దివ్యా దేశ్‌ముఖ్‌కు కనెక్షన్ తెగింది. ఇద్దరి గడియారాలూ తిరుగుతూనే ఉన్నాయి. ఇద్దరూ టైము అయిపోయి ఓడినట్టు తేలింది. రెండు రోజుల క్రితం అవతలివాడికి నెట్ పోతే గెలిచిన నిహాలే, ఇప్పుడు తనకు నెట్ పోయి ఓడాడు!

ఈసారి అప్పీలు చేసుకున్నది మనం. ఆ రోజు ప్రపంచవ్యాప్తంగా ఇంటర్నెట్ దెబ్బతిన్న మాట నిజం. అమెరికాకు చెందిన సెంచరీలింక్ నెట్‌వర్క్‌లో వచ్చిన లోపం క్లౌడ్‌ఫ్లేర్ సేవల మీదా పడి, ఎన్నో సైట్లు ఎందరికో అందకుండా పోయాయి. ఇది ఓ ఇంట్లో రౌటర్ మొరాయించడం లాంటిది కాదు. అప్పీళ్ల సంఘం ఏకాభిప్రాయానికి రాలేకపోయింది. చివరికి ఫిడే అధ్యక్షుడు అర్కాడీ ద్వోర్కోవిచ్ భారత్, రష్యా రెండింటినీ విజేతలుగా ప్రకటించారు. రెండు జట్లకూ స్వర్ణం.

మనకు సంతోషమే. ఆర్మేనియా అభిమానికి మాత్రం ఎలా ఉండి ఉంటుంది? ‘మాకో న్యాయం, మీకో న్యాయమా’ అనిపించదూ? తేడా చెప్పడానికి ఒక కారణముంది. ఒకచోట తెగింది ఒకరి తీగ, ఇంకోచోట కుంగింది ఊరందరి వంతెన. అయినా బల్ల ముందు కూర్చున్నవాడికి ఆ క్షణంలో రెండూ ఒకటే. తెర బిగుసుకుపోతుంది, గడియారం మాత్రం పరిగెడుతుంది.

కార్డు ముక్క మీద చదరంగం

ఇదంతా ఇంటర్నెట్ తెచ్చిన తంటా అనుకుంటాం. కాదు. దూరంగా ఉన్నవాళ్లతో ఆడాలనుకున్న రోజునే ఈ తంటా పుట్టింది.

పోస్టుకార్డు మీద చదరంగం ఆడేవారని ఈ తరానికి చెబితే నమ్మకపోవచ్చు. ఒక కార్డు మీద ఒక ఎత్తు రాసి డబ్బాలో వేయాలి. జవాబు కార్డు వచ్చేదాకా ఎదురుచూడాలి. భాష తెలియని విదేశీయుడితో ఆడాలంటే గడులన్నిటికీ అంకెలే. రాజు ముందు బంటును రెండు గడులు తోశామని చెప్పాలంటే 5254 అని రాస్తే చాలు, అటువైపు ఏ దేశంవాడైనా అర్థం చేసుకుంటాడు. ఒక్కో ఆట ఏళ్ల తరబడి సాగేది. ఈ ఉత్తరాల చదరంగానికి అంతర్జాతీయ సమాఖ్య కూడా ఉంది. 1951లో ఏర్పడింది.

మరి అందులో గడియారం ఎలా? అసలు కిటుకంతా ఇక్కడుంది. సాధారణంగా పది ఎత్తులకు 30 రోజుల గడువు. ఆ రోజుల్ని లెక్కపెట్టేది కార్డు మన చేతికి అందిన రోజు నుంచి, మన జవాబును పోస్టులో వేసిన రోజు వరకే. కార్డు దారిలో ఉన్న రోజులు ఎవరి ఖాతాలోకీ రావు. సముద్రం దాటి రావడానికి రెండు వారాలు పట్టినా ఆటగాడికి నష్టం లేదు. సాక్ష్యం ఎవరంటే, తపాలా ముద్ర! వాళ్లు ఎప్పుడు పంపారో, మనం ఎప్పుడు పంపామో ఆ నల్లటి గుండ్రటి ముద్రే చెబుతుంది.

తర్వాత టెలిగ్రాఫు, రేడియో వచ్చాయి. 1945 సెప్టెంబరులో అమెరికా, సోవియట్ రష్యా రేడియో ద్వారా తలపడ్డాయి. రష్యన్లు 15.5-4.5తో చిత్తు చేశారు. 1965లో హవానాలో జరిగిన టోర్నీకి వెళ్లేందుకు బాబీ ఫిషర్‌కు అమెరికా ప్రభుత్వం అనుమతివ్వలేదు. అతను న్యూయార్క్‌లోని మార్షల్ చెస్ క్లబ్‌లో కూర్చుని, టెలిప్రింటర్‌లో ఎత్తులు పంపుతూ టోర్నీ మొత్తం ఆడాడు. ఒక్కో ఎత్తు వెళ్లి రావడానికే సమయం పట్టి ఆటలు గంటల కొద్దీ సాగినా, రెండో స్థానాన్ని ఇంకో ఇద్దరితో కలిసి పంచుకున్నాడు.

ముద్ర వేసేది ఎవరు?

ఇంటర్నెట్‌లో చదరంగం 1992 నుంచే ఉంది. ఆ రోజుల్లో ఫోను తీగ మీద నత్తనడక నెట్. ఎత్తు వేశాక సర్వర్‌కు చేరేలోపు మూడు సెకన్లో, అయిదు సెకన్లో గడిచేవి. ఆ సెకన్లన్నీ ఆటగాడి గడియారంలోంచే పోయేవి. ‘నేను ఎత్తు వేసేశాను, దారిలో ఆలస్యమైతే నా తప్పా?’ అని గొడవ. తపాలా చదరంగం వేసిన పాత ప్రశ్నే ఇది.

జవాబు కూడా పాతదే! ఆటగాడి కంప్యూటర్‌లోనే ఓ చిన్న ప్రోగ్రాం పెట్టారు. ప్రత్యర్థి ఎత్తు తెరమీదకు ఎప్పుడొచ్చింది, ఈయన జవాబు ఎప్పుడు వేశాడు అన్నది అక్కడే లెక్కగట్టి, ముద్ర వేసి సర్వర్‌కు పంపుతుంది. దారి ఖర్చు మినహా. ఒక సంస్థ దానికి టైమ్‌స్టాంప్ అని, ఇంకో సంస్థ టైమ్‌సీల్ అని పేరు పెట్టాయి. అచ్చం పోస్టాఫీసు ముద్రే.

బాగుంది కదా! కానీ ముద్ర ఇప్పుడు పోస్టుమాస్టరు చేతిలో లేదు, ఆటగాడి ఇంట్లో ఉంది. ముద్ర ఇంట్లో ఉంటే తేదీ మార్చుకోవాలన్న బుద్ధి పుట్టేవాడూ ఉంటాడు. పది సెకన్లు ఆలోచించి, ‘నేను రెండు సెకన్లే ఆలోచించాను, ఎనిమిది సెకన్లు దారిలో పోయాయి’ అని చెప్పించడమన్నమాట. అలా నెట్ ఆలస్యాన్నే మోసానికి ముసుగుగా వాడుకునే దారి తెరుచుకుంది. అందుకే ఇప్పటి సైట్లు ఆలస్యానికి కొంత పరిహారం ఇస్తాయి కానీ, దానికో హద్దు పెడతాయి. హద్దు దాటితే ఆ నష్టం ఆటగాడిదే. నిజంగా నెట్ బాగోలేనివాడికి ఇది అన్యాయమే. హద్దు తీసేస్తే మాత్రం అవతలివాడికి అన్యాయం. ఇద్దరికీ పూర్తి న్యాయం చేసే గడియారాన్ని ఇంతవరకూ ఎవరూ చేయలేదు.

మీకు ఎప్పుడైనా ఇలా అనిపించిందా? ప్రత్యర్థి గడియారం సున్నాకి వచ్చేసింది, గెలిచామని చప్పట్లు కొట్టబోతుంటే, గడియారం సెకను వెనక్కి జరిగి ఎత్తు ప్రత్యక్షమైంది! ‘దొంగ! టైము పెంచుకున్నాడు’ అనుకుంటాం. నిజానికి జరిగింది వేరే. మన తెరమీద గడియారం మన ఫోను వేసుకున్న అంచనా మాత్రమే. అసలు లెక్క సర్వర్ దగ్గరుంటుంది. ఎత్తు చేరాక సర్వర్ దారి ఖర్చు తీసేసి సరిచేస్తుంది. సంతలో కాటా ముల్లు అటూ ఇటూ ఊగి నిలబడ్డట్టు.

ఇంతకీ ఆ సర్వర్ ఎక్కడుంది? తెనాలి నుంచి రేపల్లెకు ఎత్తు నేరుగా 34 కిలోమీటర్లు పోతుందనుకుంటే పొరపాటే. ఉచితంగా ఆడుకునే లీచెస్ ప్రధాన సర్వర్లు ఫ్రాన్స్‌లో ఉన్నాయి. అంటే తెనాలి కుర్రాడు జరిపిన బంటు సముద్రాలు దాటి ఫ్రాన్స్ వెళ్లి, అక్కడ హాజరు వేయించుకుని, మళ్లీ సముద్రాలు దాటి రేపల్లె వస్తుంది! గాజు తీగలో వెలుగు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. అంత వేగంతో పోయినా, దారి మలుపులూ మజిలీలూ కలుపుకుంటే వెళ్లి రావడానికి సెకనులో ఐదో వంతు పట్టడం మామూలే. 10 నిమిషాల ఆటలో అదో లెక్కా? కాదు. ఒక్క నిమిషపు బుల్లెట్ ఆటలో 40 ఎత్తులు వేస్తే మాత్రం 8 సెకన్లు. అరవైలో ఎనిమిది!

ఇక మన ఊళ్ల సంగతి. 2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. అలాంటి రోజున ఆట మధ్యలో ఎవరు మాయమైనా ఎవరూ అనుమానించరు. ‘జాగ్రత్తగా ఉన్నారా’ అని అడుగుతారు. చిక్కల్లా మామూలు రోజులతోనే. కరెంటు ఓ నిమిషం పోయి వస్తుంది, రౌటర్ మళ్లీ లేవడానికి ఇంకో నిమిషం. పక్కగదిలో అక్క సినిమా పెడుతుంది. ఆట జోరులో ఉండగా ఫోను మోగుతుంది. వీటిలో ఒక్కదానికీ సాక్ష్యం ఉండదు. అవతలివాడికి కనిపించేది ఖాళీ తెర ఒక్కటే. ఆ ఖాళీని మనం మనకున్న అనుమానంతో నింపేస్తాం.

దొంగలు లేరా అంటే...

ఉన్నారు. అందుకే అనుమానాన్ని ఉత్తినే కొట్టిపారేయలేం. 1997లో డీప్‌బ్లూ అనే భారీ యంత్రం కాస్పరోవ్‌ను ఓడించింది. 2009కల్లా అర్జెంటీనాలో ఒక టోర్నీలో సెల్‌ఫోనులో నడిచే ప్రోగ్రామే పదింటికి 9.5 పాయింట్లు కొట్టేసింది. ఈరోజు మన జేబులో ఉన్న ఫోను ఏ ప్రపంచ ఛాంపియన్‌నైనా ఓడిస్తుంది. అంతటి వస్తువు చేతికందేంత దూరంలో ఉన్నప్పుడు చెయ్యి ఊరుకోవడం కష్టమే.

నెట్ అక్కర్లేదు, ఎదురెదురుగా కూర్చున్నా ఆగనివాళ్లున్నారు. 2006లో ఢిల్లీ టోర్నీలో ఓ ఆటగాడు టోపీలో బ్లూటూత్ పెట్టుకుని బయటి నుంచి ఎత్తులు అందుకుంటూ పట్టుబడ్డాడు. పదేళ్ల నిషేధం పడింది. 2021 జూన్‌లో కరోనా సాయం కోసం పెట్టిన సరదా ఆటలో వ్యాపారవేత్త నిఖిల్ కామత్ విశ్వనాథన్ ఆనంద్‌నే ఓడించాడు. లోకం నివ్వెరపోయింది. మర్నాడు, కంప్యూటర్ల సాయం, విశ్లేషకుల సాయం తీసుకున్నానని ఆయనే ఒప్పుకుని క్షమాపణ చెప్పాడు.

మరి సైట్లు దొంగను ఎలా పట్టుకుంటాయి? ఒక్క మంచి ఎత్తును చూసి కాదు. మంచి ఎత్తు ఎవరైనా వేస్తారు, గుడ్డివాడి రాయి కూడా ఒక్కోసారి కాయకు తగులుతుంది. అవి చూసేది అలవాటును. అమెరికాలోని బఫెలో విశ్వవిద్యాలయంలో కెన్నెత్ రీగన్ అనే ఆచార్యుడు ఇందుకోసమే లెక్కల పద్ధతి ఒకటి తయారుచేశారు. ఆ స్థాయి ఆటగాడు కంప్యూటర్ చెప్పే ఎత్తుతో మామూలుగా ఎన్నిసార్లు ఏకీభవిస్తాడు, ఈయన ఎన్నిసార్లు ఏకీభవించాడు, ఆ తేడా అదృష్టంతో రాదగినదేనా? ఇదీ ఆ లెక్క సారాంశం. దీనికి ఒక ఆట చాలదు, చాలా ఎత్తులు కావాలి.

రెండోది, సమయం. మనిషి తేలికైన ఎత్తు చటుక్కున వేస్తాడు, కష్టమైనచోట తల గోక్కుంటాడు. కంప్యూటర్‌ని అడిగి ఆడేవాడికి అన్నీ ఒకటే. చచ్చే పావును చంపడానికీ ఏడు సెకన్లు, మహా మేధావికి తట్టే ఎత్తుకూ ఏడు సెకన్లు! నెట్ బాగోలేనివాడి ఆట అలా ఉండదు. అతని ఆలస్యాలకు ఒక వరసా వావీ ఉండదు. తేలిక ఎత్తు దగ్గరా ఆగుతాడు, గెలిచే ఆటలోనూ ఆగుతాడు, చివరికి తనకే నష్టమయ్యే చోటా ఆగుతాడు. కరెంటుకు చదరంగం రాదు కదా!

మాట జారితే...

దొంగను వదిలేస్తే ఆటకు నష్టం. మరి దొర మీద దొంగ ముద్ర వేస్తే?

2022 సెప్టెంబరులో అమెరికాలోని సెయింట్ లూయీలో అప్పటి ప్రపంచ ఛాంపియన్ మాగ్నస్ కార్ల్‌సన్, హన్స్ నీమన్ అనే కుర్రాడి చేతిలో ఓడి, టోర్నీ నుంచే వెళ్లిపోయాడు. చిన్నప్పుడు ఆన్‌లైన్‌లో మోసం చేశానని నీమన్ ఒప్పుకున్నాడు, ఎదురెదురుగా ఎప్పుడూ చేయలేదన్నాడు. చెస్ డాట్ కామ్ 72 పేజీల నివేదిక వేసింది. ఆన్‌లైన్‌లో వందకు పైగా ఆటల్లో మోసం చేసి ఉంటాడని అంటూనే, బల్ల మీద ఆటలో మోసం చేశాడనడానికి నేరుగా ఆధారం లేదంది. కోర్టులకెక్కి, 2023లో రాజీపడ్డారు. ఒకచోట తప్పు చేసినవాడి ప్రతి గెలుపునూ లోకం ఎలా చూస్తుందో, ఆధారం లేకుండా వేలు చూపితే ఏమవుతుందో, రెండూ ఈ ఒక్క కథలో ఉన్నాయి.

ఇంకో కథ వింటే మనసు కలుక్కుమంటుంది. మెరుపు ఆటలకూ, ఓపికగా చెప్పే పాఠాలకూ పేరుపడ్డ అమెరికా గ్రాండ్‌మాస్టర్ డేనియల్ నరొడిట్‌స్కీ మీద మాజీ ప్రపంచ ఛాంపియన్ వ్లాదిమిర్ క్రామ్నిక్ నెలల తరబడి అనుమానాలు గుప్పించాడు. నిరూపించింది లేదు. ఆ మాటలు తనను ఎంత నలిపేశాయో నరొడిట్‌స్కీ అందరి ముందూ చెప్పుకున్నాడు. 2025 అక్టోబరులో అతను మరణించాడు. వయసు 29 ఏళ్లు. ఆ మాటలకూ ఈ మరణానికీ ముడిపెట్టే హక్కు ఎవరికీ లేదు. కానీ ఆ యువకుడు తన ఆఖరి నెలల్లో ఆట గురించి కాక తన నిజాయతీ గురించి మాట్లాడుకోవాల్సి వచ్చిందన్నది మాత్రం నిజం.

మోసం చేశావన్న మాటకు ఇంటర్నెట్ పరిహారం ఇవ్వదు. ఆ మాట పడ్డవాడు తాను చేయలేదని ఎలా నిరూపించుకుంటాడు? చేసినదానికి సాక్ష్యం దొరుకుతుంది. చేయనిదానికి ఎక్కణ్నుంచి తేవాలి?

బాపట్ల తీర్పు

మళ్లీ మన మామా అల్లుళ్ల దగ్గరకు వద్దాం. పండగ దగ్గరపడుతోంది. ఈసారి రేపల్లె రానంటాడు కుర్రాడు. వాళ్లమ్మకు ఇటు తమ్ముడు, అటు కొడుకు. ఎవర్ని కసురుకుంటుంది? ‘‘ఆటకేముందిరా, మావయ్య మాటలు పట్టించుకుంటావా’’ అంటే, ‘‘ఓడిపోతే పట్టించుకోనమ్మా, దొంగన్నాడు’’ అన్నాడు వాడు.

సంగతి బాపట్లలో ఓ రిటైర్డు లెక్కల మాస్టారి దాకా వెళ్లింది. మావయ్యకు కాలేజీ రోజుల్లో చదరంగం మప్పింది ఆయనే. ఒకప్పుడు కార్డులు రాసి చదరంగం ఆడిన మనిషి. ‘‘ఆ ఆట నాకు పంపించవోయ్’’ అన్నారు. ఆన్‌లైన్ ఆటలో ఉన్న సుగుణం అదే. ప్రతి ఎత్తూ, దానికి పట్టిన సమయమూ నమోదై ఉంటాయి. ఆయన కాగితం మీద గీతలు గీసుకుని చూసి, రాత్రికి శిష్యుడికి ఫోను చేశారు.

‘‘మీవాడు ఎన్నిసార్లు ఆగాడు?’’

‘‘ఆ నిమిషంన్నరేగా మాస్టారూ?’’

‘‘కాదు, మూడుసార్లు. మొదటిసారి ఆగి వచ్చి బంటు పోగొట్టుకున్నాడు. రెండోసారి ఆగి వచ్చి ఏనుగు పోగొట్టుకున్నాడు. అప్పుడు నీకు అనుమానం రాలేదేం?’’

మావయ్య మాట్లాడలేదు.

‘‘పోనీ, మూడోసారే కంప్యూటర్‌ని అడిగాడనుకుందాం. ఇప్పుడు నేను కంప్యూటర్‌ని అడిగాను. ఆ గుర్రపు ఎత్తు ఒట్టి పిచ్చి ఎత్తట! నువ్వు దాన్ని చంపకుండా రాజును ఒక్క గడి పక్కకు జరుపుకుంటే ఆట నీదే. కంప్యూటర్ చెప్పగా ఆడేవాడు అది ఆడనే ఆడడు. ఓడిపోయే ఆటలో తెగించి ఆడే కుర్రాడు ఆడతాడు. అలా తెగించమని వాడికి ఎవరు నేర్పారో నీకు తెలుసుగా?’’

‘‘...’’

‘‘ఇదీ నూటికి నూరుపాళ్లు రుజువని నేననను. కానీ అనుమానానికి ఒక ఆట సరిపోయినప్పుడు, నమ్మకానికి పదేళ్లు సరిపోవాలి కదయ్యా!’’

మాస్టారి తీర్పులో మూడు ముక్కలున్నాయి. ఆన్‌లైన్‌లో ఆడే ప్రతి ఇంటికీ పనికొస్తాయి. ఒకటి, ఒక్క ఎత్తు చూసి కాదు, ఆటంతా చూసి మాట్లాడాలి. రెండు, ఆగిపోవడం వల్ల అతనికి లాభమే జరిగిందా, నష్టమూ జరిగిందా లెక్క చూడాలి. మూడు, తెలియనివాడి మీద నిజంగా అనుమానముంటే సైటుకు ఫిర్యాదు చేసి ఊరుకోవాలి, వాళ్ల దగ్గర మనకు కనిపించని లెక్కలుంటాయి. ముఖం మీద మాత్రం అనకూడదు. పిల్లలకు టోర్నీలు పెట్టేవాళ్లు ఇంకో పని చేయొచ్చు. ప్రతి ఎత్తుకూ కొన్ని సెకన్లు కలిసేలా గడియారం పెట్టడం, నెట్ పోతే ఏం చేయాలో ఆటకు ముందే చెప్పడం. పోయాక చెప్పే నిబంధన ఎవరికో ఒకరికి పక్షపాతంలాగే కనిపిస్తుంది. ఆ సంగతి ఆర్మేనియాకూ తెలుసు, మనకూ తెలుసు.

భోగి ముందురోజు తెనాలి స్టేషన్‌లో రేపల్లె ప్యాసింజర్ దిగిన మావయ్య చేతిలో ఓ చెక్కబల్ల, ఓ సంచీ ఉన్నాయి. అల్లుడు రానంటే తనే వచ్చాడు. డాబా మెట్లెక్కి పైగది గుమ్మంలో నిలబడి, ‘‘నాదే తప్పురా అల్లుడూ’’ అన్నాడు. కుర్రాడు తలెత్తలేదు. కాసేపాగి, సంచీలోంచి పావులు తీసి చాప మీద పేర్చడం మొదలుపెట్టాడు మావయ్య. వాటిలో ఒక గుర్రం చెవి విరిగి ఉంది. ఆరేళ్లప్పుడు విరగ్గొట్టింది తనేనని కుర్రాడికి గుర్తే.

వాడు నల్లపావుల వైపు వచ్చి కూర్చున్నాడు.

మధ్యలో కరెంటు పోయింది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వారు. వాళ్లమ్మ లాంతరు తెచ్చి పెట్టింది. ఆట ఆగలేదు.